రామప్పంతులే శంకరశాస్త్రి!

మాది కోటబొమ్మాళి. ఆ పేరు చెబితే "ఎక్కడుందండీ అది?" అని అడిగేవారు ఒకప్పుడు. 2023లో శ్రీకాంత్ నటించిన 'కోటబొమ్మాళి పి.ఎస్.' వచ్చాక ఆ బెడద తీరింది. "ఓహో, ఆ సినిమా ఊరా!" అంటున్నారు కుర్రకారు. సంతోషమే! కానీ మా ఊరి నుంచి శ్రీకాకుళం బస్సెక్కితే దారిలో వచ్చే నరసన్నపేట దగ్గర లుకలాం అగ్రహారం అనే పల్లె ఒకటుందనీ, తెలుగు సినిమాకు శంకరశాస్త్రిని ఇచ్చింది ఆ పల్లేననీ చెబితే మాత్రం అదే కుర్రకారు నోరు తెరుస్తారు.

ఆయనే జొన్నలగడ్డ వెంకట సోమయాజులు. జె.వి. సోమయాజులు అంటే అందరికీ తెలుస్తుంది. 1928లో పుట్టారు. పెరిగింది, నాటకాల రుచి మరిగింది విజయనగరంలో.

నేను 'శంకరాభరణం' మొదట చూసింది థియేటర్లో కాదు, మా ఇంట్లో టీవీలో. చిన్నవాణ్ణి. శాస్త్రిగారు తెర మీద కళ్లెర్రజేస్తే నేను సర్దుకుని కూర్చున్నాను. పక్కనే వక్క నములుతున్న మా మావయ్య ఫక్కున నవ్వాడు.

"ఏట్రా అల్లుడూ, ఆయన్ని సూసి అలగ భయపడిపోతన్నావు? రామప్పంతుల్రా ఆయన! మంచం కింద దూరి చీపురుకట్ట దెబ్బ తిన్నాడు. నా కళ్లతో నాను సూసాను!"

నాకు కోపం వచ్చింది. అంతటి శాస్త్రిగారిని పట్టుకుని చీపురుకట్టా!

తరవాత గురజాడ 'కన్యాశుల్కం' చదివితే గానీ మావయ్య నవ్వు నాకు అర్థం కాలేదు. మధురవాణి ఇంట్లో మంచం కింద రామప్పంతులు దాక్కుని ఉంటాడు. పూటకూళ్లమ్మ చీపురుకట్టతో వస్తోందని తెలిసి గిరీశం కూడా ఆ మంచం కిందికే దూరతాడు. దెబ్బ పడాల్సింది గిరీశానికి. పడేది పంతులికి! గిరీశం మాత్రం చల్లగా జారుకుంటాడు. ఇక్కడే అసలు తమాషా ఉంది పాఠకులారా! రంగస్థలం మీద సోమయాజులు రామప్పంతులైతే, గిరీశం ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఆయన తమ్ముడు జె.వి. రమణమూర్తి! తమ్ముడికి తగలాల్సిన దెబ్బ అన్న తినడం, అదీ వందలాది ప్రదర్శనల్లో! విజయనగరం జనం ఎంత నవ్వుకుని ఉంటారో ఊహించుకోండి. 1955లో వచ్చిన 'కన్యాశుల్కం' చిత్రంలో ఎన్టీఆర్ గిరీశం, సి.ఎస్.ఆర్. రామప్పంతులు. సి.ఎస్.ఆర్. గొప్ప నటుడే, కాదనను. కానీ మావయ్య ముందు ఆ పేరెత్తితే ఊరుకునేవాడు కాదు.

సినిమాల్లోకి ముందు అడుగు పెట్టింది తమ్ముడే. 1957లో 'ఎం.ఎల్.ఏ.'తో రమణమూర్తి వెండితెర మీదికి వచ్చారు. అన్నగారిది రెవెన్యూ శాఖ. పగలు ఫైళ్లు, రాత్రి నాటకం. డిప్యూటీ కలెక్టరు దాకా ఎదిగారు. కోర్టు పక్షులూ, దొంగ సాక్ష్యాలూ, భూమి తగాదాలూ... ఉద్యోగంలో అలాంటి పంతుళ్లను ఎందర్ని దగ్గరగా చూసి ఉంటారో! ఆ పాత్ర అంతగా పండడానికి అదీ ఒక కారణమేమోనని నా అనుమానం.

1980 ఫిబ్రవరి 2న 'శంకరాభరణం' విడుదలయ్యేనాటికి ఆయన వయసు యాభై దాటింది. దర్శకుడు కె. విశ్వనాథ్, నిర్మాత ఏడిద నాగేశ్వరరావు. యాభై దాటిన మనిషి కథానాయకుడు! స్టెప్పులు లేవు, ఫైట్లు లేవు. పాటలన్నీ శాస్త్రీయ సంగీతం ఛాయల్లోనే. అయినా జనం విరగబడి చూశారు. జాతీయ అవార్డులూ వచ్చాయి. పాడింది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. కానీ సినిమా చూస్తున్నంతసేపూ ఆ గొంతు వేరొకరిదని మనకు తోచదు. ఎందుకని? పెదవులు కదపడం ఎవరైనా నేర్చుకోవచ్చు. సోమయాజులు ఊపిరి కూడా పాట ప్రకారమే తీశారు. ఈసారి చూసినప్పుడు ఆయన మెడ నరాలు, ఛాతీ గమనించండి. మైకు అందినా అందకపోయినా చివరి వరుసకు మాట వినిపించాలని పాటుపడిన స్టేజీ నటుడి ఊపిరి అది.

ఆపైన వరసగా పెద్దమనిషి పాత్రలే. అదే ఏడు బాపు 'వంశవృక్షం' (అందులో కుర్ర హీరో ఎవరో తెలుసా? మన అనిల్ కపూర్!). 1981లో బాపు 'త్యాగయ్య'లో టైటిల్ పాత్ర. అదే సంవత్సరం 'సప్తపది'లో ఆచారాన్ని నమ్మి, చివరికి మనవరాలి మనసు వైపు మొగ్గిన తాత. ఆ తాత నాకు శంకరశాస్త్రి కన్నా ఒక పిసరు ఎక్కువే ఇష్టం. తరవాత్తరవాత టీవీ సీరియళ్లలోనూ కనిపించారు.

నా ఫిర్యాదల్లా ఒక్కటే. గురువు, తాత, పూజారి... ఆయన ముఖం చూడగానే మనవాళ్లకు విభూతే గుర్తొచ్చింది. కంటె పోయిందని మధురవాణి నిలదీస్తే నీళ్లు నమిలే ఆ దొంగ పంతుల్ని, ఆ వంకర నవ్వుని సినిమా వాళ్లు వాడుకోలేదు. జనం దణ్ణం పెట్టారు గనక నిర్మాతలూ దణ్ణంతోనే సరిపెట్టారు. నటుడికి ఇంతకన్నా తియ్యటి శిక్ష ఉంటుందా?

2004 ఏప్రిల్‌లో సోమయాజులు కన్నుమూశారు. 2016 జూన్‌లో రమణమూర్తి. మావయ్యా ఇప్పుడు లేడు.

మొన్న కొత్తమ్మతల్లి జాతరకు ఊరెళ్లినప్పుడు మా అక్క కొడుకు ఫోన్‌లో 'శంకరాభరణం' చూస్తున్నాడు. మా మావయ్య నాకు చెప్పిన మంచం కింద కథ వాడికి చెప్పాను. వాడు వెంటనే "అయితే అది కూడా పెట్టు మావయ్యా, చూద్దాం" అన్నాడు.

విజయనగరంలో మావయ్య చూసిన ఆ రాత్రి ఆటను ఎక్కణ్ణుంచి తెచ్చి పెట్టను? మావయ్య వక్క నములుతూ మా వీధరుగు మీద నడిచి చూపించిన పంతులి నడక మాత్రం నాకు గుర్తుంది. లేచి ఉత్తరీయం బదులు తువ్వాలు భుజాన వేసుకున్నాను. నాలుగడుగులు నడిచాను.

"ఇంకోసారి" అన్నాడు వాడు.