నీరు చూసి ఎర

గోదావరి పశ్చిమ డెల్టా నుంచి తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరుకు చేరే కాలువ గట్టున రెండు రకాల గాలాలు కనిపిస్తాయి. ఒకటి తాతల నాటిది: వెదురు కర్ర, నైలాన్ దారం, బెండు, ముల్లుకు గుచ్చిన వానపాము. రెండోది రీలు బిగించిన ఫైబర్ కర్ర. దాని దారం కొసన ప్రాణమున్న ఎర ఉండదు. సీసపు తల, ముల్లును కప్పిన రబ్బరు తోక, పక్కనే తీగకు వేలాడే చిన్న లోహపు రేకు ఉంటాయి. లాగితే రేకు గిరగిరా తిరుగుతుంది. దీన్నే స్పిన్నర్ జిగ్ అంటారు. అమెరికాలో క్రాపీ అనే మంచినీటి చేప కోసం విరివిగా వాడే ఎర ఇది. ఇప్పుడు మన దగ్గరా దొరుకుతోంది. కొన్నవాళ్లలో కొందరు దీన్ని ఆకాశానికెత్తుతారు, కొందరు ఎందుకూ కొరగాదని మూల పడేస్తారు. ఇద్దరూ ఎరనే చూస్తున్నారు, అది పడుతున్న నీటిని చూడడం లేదు. ఒకే స్పిన్నర్ కాలువ లాకుల దగ్గర పనిమంతురాలు, కొల్లేరు గుర్రపుడెక్కలో శుద్ధ దండగ. ఎరను డబ్బా మీది బొమ్మను బట్టి కాక, ఆ పూట నీటిని బట్టి ఎంచుకోవాలి.

ముందు ఆ ఎర ఎవరి కోసం పుట్టిందో చూడాలి. క్రాపీ మన నీళ్లలో లేదు. అది అరచేతికి కాస్త పెద్దగా, బల్లపరుపుగా ఉండే చేప. మునిగిన చెట్ల కొమ్మల చుట్టూ గుంపులుగా, నీటి మధ్యలో నిలబడి ఉంటుంది. దాని నోటి చర్మం ఎంత పలచనంటే, గట్టిగా గుంజితే చిరిగిపోతుంది. అందుకే దాని జిగ్‌లు సాధారణంగా 1 నుంచి 3.5 గ్రాముల బరువులో, సన్న తీగ ముళ్లతో వస్తాయి. మన కొర్రమీను ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఒంటరిగా గట్టు వార, గడ్డి నీడలో మాటువేసి మీదపడే వేటగత్తె. నోరంతా గట్టి ఎముక, పళ్లు. సన్న తీగ ముల్లు ఆ నోట్లో దిగదు. దిగినా చేప ఒక్క మెలిక తిప్పితే నిటారుగా సాగిపోతుంది. కాబట్టి ఇక్కడ కావలసింది 7 నుంచి 10 గ్రాముల తల, మందమైన ముల్లు, గోటి మీద గీస్తే జారకుండా పట్టుకునేంత పదును. అమెరికా చేప కోసం చేసిన వస్తువు మనకు ఉన్నదున్నట్టు పనికిరాదు. దాని వెనకున్న సూత్రం మాత్రం పనికొస్తుంది.

ఆ సూత్రం తళుకు ఒక్కటే అనుకుంటే పొరపాటు. తిరిగే రేకు రెండు పనులు చేస్తుంది: వెలుతురును విసురుతుంది, నీటిని అదిలిస్తుంది. కొలరాడో అని పిలిచే గుండ్రటి రేకు నీటిని ఎక్కువగా నెడుతుంది. నెమ్మదిగా లాగినా తిరుగుతుంది, ఆ అదురు కర్ర పట్టుకున్న చేతికి కూడా తెలుస్తుంది. విల్లో అనే సన్నటి ఆకు రేకు వేగంగా తిరిగి బాగా మెరుస్తుంది, అదురు తక్కువ. నీరు తేటగా ఉంటే చేప కంటితో వేటాడుతుంది, అక్కడ ఆకు రేకు చాలు. నీరు బురదగా ఉంటే చేప ఒంటి పక్కన తల నుంచి తోక దాకా సాగే పార్శ్వరేఖ అనే ఇంద్రియాన్ని నమ్ముకుంటుంది. నీటి కదలికను అది పసిగడుతుంది. కానీ దాని పరిధి చేప పొడవుకు ఒకటి రెండింతలే. బురద నీటిలో రంగు మార్చడం కంటే, ఎరను చేప ముక్కు ముందుకు తేవడమే ముఖ్యమని దీన్నుంచి తేలుతుంది. గుండ్రటి రేకు కట్టి, గట్టుకు సమాంతరంగా విసిరి, రేకు తిరగడం ఆగిపోని కనీస వేగంతో లాగాలి. తర్వాతి విసురు మూరెడు పక్కన పడాలి. పది దిక్కులకు పది విసుర్లు విసిరేవాడి కంటే, ఒక్క గట్టును దువ్వినట్టు వెతికేవాడికే చేప తగలడానికి ఎక్కువ వీలుంది.

ఈ లెక్కను మన ఏడాదికి అన్వయించుకోవాలి. వరద రోజుల్లో గోదావరి కాలువలకు ఎర్రనీరు వస్తుంది. అప్పుడు గుండ్రటి రేకు, నిదానం. నీరు తేరిన శీతాకాలంలో ఆకు రేకు, కాస్త వేగం. వేసవిలో కాలువలు కట్టేశాక మిగిలే మడుగుల్లో చేప ఒకచోట చేరుతుంది, బెదురుతుంది కూడా. చిన్న ఎరతో దూరం నుంచి విసరాలి. చోటు విషయానికొస్తే లాకుల దిగువ, తూముల నోళ్లు, వంతెన కాళ్ల నీడ మేలు. పారే నీటిలో కొట్టుకొచ్చే చిన్న చేపల కోసం వేటచేప అక్కడ కాపు కాస్తుంది. కొర్రమీను మొప్పలతోనే కాక, పైకొచ్చి గాలి పీల్చి బతుకుతుంది కాబట్టి తన జాడ తనే చెబుతుంది. గట్టు వార గుబుక్కుమని ఒక చప్పుడు, ఒక బుడగ, చుట్టూ విచ్చుకునే వలయం కనిపిస్తాయి. ఎర సరిగ్గా ఆ వలయం మీద పడితే చేప బెదిరి పారిపోతుంది. దానికి అవతల పడేసి, ఆ చోటు పక్కగా లాక్కురావాలి. సముద్రం నుంచి ఉప్పుటేరు ఎక్కి వచ్చే పండుగప్ప కూడా ఎరను తరిమి కొట్టే జాతే. అక్కడి విశాలమైన, పారే నీటిలో స్పిన్నర్‌కు అడ్డు ఉండదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. చేపలకు పుట్టినిల్లయిన కొల్లేరులో పనిచేయని ఎర మనకెందుకని. నిజమే, బుడమేరు, తమ్మిలేరు నీళ్లు చేరే ఆ సరస్సులో గుర్రపుడెక్క వేళ్లు, కిక్కిస దుబ్బులు స్పిన్నర్‌ను నాలుగు అడుగులు కూడా కదలనివ్వవు. రేకుకు పీచు చుట్టుకుంటే తిరగడం ఆగిపోతుంది. అప్పుడది వట్టి ఇనప ముక్క. అలాంటి నీటికి ముళ్లు వీపున అణిగి ఉండే రబ్బరు కప్ప ఉంది, అది ఆకుల మీదుగా జారిపోతుంది. అయితే ఆ కప్పనైనా ఎక్కడ పడితే అక్కడ విసరడానికి లేదు. కొల్లేరులో 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో సరస్సు రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. సరదా గాలానికి అది చోటు కాదు. అక్కడి చేప లంక గ్రామాల మత్స్యకారుల జీవనాధారం. చుట్టుపక్కల పెంపకం చెరువులకు యజమానులున్నారు, ఊరి చెరువులకు వేలం పాటలున్నాయి. అడగకుండా విసిరితే ఎరేదైనా అది దొంగతనమే. కాలువలూ డ్రెయిన్లే మనకు మిగిలినవి. అక్కడ కూడా పాట ఉందేమో కనుక్కున్నాకే విసరాలి. స్పిన్నర్‌కు నప్పే నీరు కూడా అదే.

వానపాముకు పడని చేప లేదు, పైసా ఖర్చు లేదు, మరి ఈ రేకులెందుకన్నది రెండో ఆక్షేపణ. జెల్లకు, గొరకకు వానపామే సరి. శీలావతికి, బొచ్చెకు తవుడు ముద్దే సరి. అవి రేకు వెంట పడవు, స్పిన్నర్‌తో వాటికోసం చూడడం వృథా. కానీ కొర్రమీనుకు గుచ్చే బతికున్న కప్ప సంగతి వేరు. ఒకేచోట ఉంచిన ఎరను చేప తీరిగ్గా గుటకేస్తుంది, ముల్లు గొంతు దాటి దిగుతుంది. అది చిన్న చేప అని తెలిసి వదిలేసినా బతకడం కష్టం. లాగే ఎరను మాత్రం కరుచుకుంటుంది కాబట్టి ముల్లు ఎక్కువగా దవడకే తగులుతుంది, విప్పి వదిలేయవచ్చు. పైగా కప్ప వరిచేలో పురుగులను తినే రైతు నేస్తం. కప్పకాళ్ల ఎగుమతిని మన దేశం 1987లో ఆపడానికి అదొక కారణం. అంత అక్కరకొచ్చే జీవిని ముల్లుకు గుచ్చనక్కర లేకుండా చేయడం రేకు ఎరకున్న అసలు విలువ.

అయితే రేకు ఎరకూ ఒక దోషముంది. దాని తల సీసం. దారం తెగి ఒడ్డున పడిన సీసపు గుళ్లను నీటిపక్షులు గులకరాళ్లనుకుని మింగుతాయి, విషం ఎక్కి చస్తాయి. హంసలు అలా చస్తున్నాయనే బ్రిటన్ 1987లో చాలా రకాల సీసపు గాలం గుళ్ల అమ్మకాన్ని నిషేధించింది. కొల్లేరు అంచున ఉన్న ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టుకునే ప్రాంతంలో ఈ సంగతిని తేలిగ్గా తీసుకోకూడదు. ఇత్తడి, ఉక్కు, టంగ్‌స్టన్ తలలు ఖరీదు కాస్త ఎక్కువైనా వాటినే కొనాలి. మరో జాగ్రత్త: వానాకాలంలో ఎర్రటి కొర్రమీను పిల్లల గుంపు నీటిపై కదులుతుంటే దాని కింద తల్లిదండ్రులు కాపలా ఉన్నట్టు. ఆ సమయంలో అవి దగ్గరికొచ్చిన దేన్నైనా కొడతాయి. సులువుగా దొరుకుతాయని వాటిని పడితే, మరుసటి ఏడాది పట్టాల్సిన చేపను ఈ ఏడాదే చంపుకున్నట్టు.

కాబట్టి ఇరవై రంగుల ఎరలు కొనక్కర లేదు. గుండ్రటి రేకుది ఒకటి, ఆకు రేకుది ఒకటి, గడ్డి కోసం ఒక రబ్బరు కప్ప ఉంటే ఈ ప్రాంతపు నీళ్లకు సరిపోతుంది. ఎర విసిరే ముందు దాన్ని ఒడ్డు పక్క నీటిలో జానెడు లోతున ఓసారి లాగి చూడండి. ఎర కనిపిస్తే ఆకు రేకు, కనిపించకపోతే గుండ్రటిది. పీచు చుట్టుకుని పైకొస్తే స్పిన్నర్ పెట్టెలో పెట్టేసి, కప్ప కట్టండి.