నేలను చూసి నీరు పెట్టాలి

ఆర్మూర్: వేసవిలో బోరుబావుల నీరు తగ్గడంతో పెరటి మొక్కలను కాపాడుకోవడం కష్టమవుతుంది. ఆర్మూర్ ప్రాంతంలో నల్లరేగడితో పాటు ఎర్రచెల్క నేలలున్నాయి. రెండింటికీ ఒకే తీరుగా నీరు పెడితే మొక్కలు దెబ్బతింటాయి.

నల్లరేగడిలో: పైన నెర్రెలు బారినా అడుగున తేమ ఉండవచ్చు. మధ్యాహ్నం ఆకులు వాలాయని నీరు పోస్తూ పోతే గాలి ఆడక వేళ్లు కుళ్లుతాయి. సాయంత్రానికి ఆకులు తేరుకుంటే ఆగవచ్చు. అనుమానముంటే రెండు అంగుళాల లోతు మట్టి తీసి నలిపి చూడాలి. పొడిగా రాలితేనే నీరివ్వాలి. ముందుగా పైమట్టిని గుల్ల చేసి నెర్రెలు పూడ్చాలి. లేదంటే నీరు వాటి గుండా జారిపోతుంది.

ఎర్రచెల్కలో: నీరు త్వరగా ఇంకిపోతుంది కనుక కొద్దికొద్దిగా, తరచుగా పెట్టాలి. చెరువు మట్టి, చివికిన పశువుల ఎరువు కలిపితే తేమ నిలుస్తుంది.

పసుపు ఆకుతో మేలు: పసుపు తవ్వకానికి ముందు కోసిన ఆకు ఇక్కడ సులభంగా దొరుకుతుంది. తెగులు సోకని ఎండుటాకును కాండానికి తగలకుండా పాదుల్లో రెండు అంగుళాల మందాన పరచాలి. నేలకు ఎండ తగలక తేమ ఆరిపోదు. వర్షాలు కురిశాక ఆ ఆకే చివికి ఎరువవుతుంది.