ఈ పాపములో ఎవరి పాలెంత?

అమెరికాలో యూటా, ఆరిజోనా రాష్ట్రముల సరిహద్దున హిల్డేల్, కొలరాడో సిటీ అను రెండు చిన్న పట్టణములు కలవు. ఈ రెంటికిని కలిపి షార్ట్ క్రీక్ అని పేరు. మోర్మన్ ప్రధాన సంఘము 1890లో బహుభార్యాత్వమును విడనాడుచున్నట్లు ప్రకటించెను. ఆ నిర్ణయమునకు లోబడనివారు కొందఱు కాలక్రమమున వేఱుపడి యిచ్చట స్థిరపడిరి. నేడు బహుభార్యాత్వమును పాటించువారిని ప్రధాన సంఘము వెలివేయును. కావున ఇచ్చట చెప్పబోవునది ఒక చిన్న శాఖ కథయే గాని మోర్మనుల అందఱి కథ కాదు.

ఆ యూరి భూములును ఇండ్లును చిరకాలము సంఘపు ధర్మనిధి పేరనే యుండెడివి. ఏ కన్య యెవరిని పెండ్లాడవలెనో గురువే నిర్ణయించెడివాడు. అతని యాగ్రహమునకు గుఱియైన పురుషుడు ఇల్లు కోల్పోవుటయే గాక, ఆలుబిడ్డలు వేఱొకనికి అప్పగింపబడుటయు చూడవలసివచ్చెడిది. 2000లో గురుపీఠము ఆజ్ఞాపింపగా తల్లిదండ్రులు బిడ్డలను ప్రభుత్వ పాఠశాలనుండి మాన్పించిరి. తమ కష్టము చెప్పుకొనుటకు ఆ బిడ్డలకున్న ఉపాధ్యాయుడును ఆనాటితో దూరమయ్యెను.

2002లో తండ్రి మరణింపగా గురుపీఠ మెక్కిన వారెన్ జెఫ్స్, 12, 15 ఏండ్ల బాలికలను భార్యలని చెప్పుకొని వారిపై అత్యాచారము చేసెను. 2011లో టెక్సస్ న్యాయస్థానము ఆతనికి యావజ్జీవ కారాగారమును, దానిపై మఱి 20 ఏండ్లును విధించెను. దోషికి శిక్ష పడినది. కాని ఇట్టి పెండ్లి ఒక్కనివలన జరుగునది కాదు. బిడ్డ నప్పగించు తండ్రి వలయును. సిద్ధపఱచు తల్లి వలయును. చూచి యూరకుండు పెద్దలు వలయును. ఫిర్యాదు చెవిని బెట్టని రక్షకభటుడు వలయును. మఱి వీరందఱి మాట యేమి?

అందఱును సమాన దోషులే యనుట సులభము. 1953 జూలై 26న ఆరిజోనా గవర్నరు హోవర్డ్ పైల్ చేసినది దాదాపు అదియే. వేకువనే పోలీసులు ఊరిని చుట్టుముట్టి, పెద్దలను నిర్బంధించి, రెండు వందలకు పైగా పిల్లలను స్వాధీనపఱచుకొనిరి. పత్రికలలో ఆ దృశ్యములు చూచి ప్రజలు ప్రభుత్వమునే నిందించిరి. మఱుసటి యేట పైల్ ఎన్నికలలో ఓడెను. అటుపై దాదాపు అర్ధశతాబ్ది ప్రభుత్వములు ఆ వైపు చూడ జంకెను. 2008లో టెక్సస్ అధికారులు ఆ శాఖవారి మఱియొక నివాసమునుండి నాలుగు వందలకు పైగా పిల్లలను తరలింపగా, ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అట్టి సామూహిక చర్య సమర్థనీయము కాదనెను. అందఱును దోషులన్నచో అసలు దోషి గుంపులో దాగును.

మఱి తూచుట యెట్లు? తిక్కన ఉద్యోగపర్వమున రాయబారమునకు వచ్చిన కృష్ణుడు కురుసభలో పలికిన నీతి మన విద్యార్థులకు కంఠస్థమే. ధర్మము చెడుచుండగా, కాపాడగలిగియు ఉపేక్షించినవారికే ఆ చేటు తగులునని దాని భావము. ‘దక్షులు’ అను మాట యందు ఆయువుపట్టు. ఎవరికెంత శక్తియో వారికంత బాధ్యత.

ఆ తూనికతో చూడుడు. బాల్యముననే పెండ్లియై, గురువు మాటయే దైవవాక్కని పెరిగిన తల్లి తానే బందీ; అయినను తన కూతును అదే దారిని నడిపించునపుడు ఆమెకును పాలు గలదు. 2004లో పదుమూడేండ్ల కుమార్తెను జెఫ్స్‌కు పెండ్లి చేయుటకై సరిహద్దు దాటించిన తల్లిదండ్రులకు 2017లో కెనడా న్యాయస్థానము శిక్ష విధించెను: తండ్రికి 12 మాసములు, తల్లికి 7 మాసములు. తల్లిని విడువలేదు, తండ్రితో సమముగను తూచలేదు. పురపాలకుల పాలు అంతకంటె పెద్దది. సంఘమునకు వెలుపలివారిపట్ల ఆ రెండు పట్టణములును వివక్ష చూపినవని 2016లో ఫెడరల్ జూరీ తేల్చెను. ఇక న్యాయస్థానములు, పోలీసులు, పాఠశాలలు చేతనుండియు ఏండ్లతరబడి మిన్నకున్న ప్రభుత్వములకంటె దక్షులెవ్వరు?

2014లో హిల్డేలులో ప్రభుత్వ పాఠశాల తిరిగి తెఱువబడెను. బడి యొక్కటియే సర్వమును చక్కబెట్టజాలదు. కాని అచ్చట ఒక బిడ్డ రాకున్నచో గమనించువారు ఒకరుందురు. హాజరుపట్టికలో సున్న చుట్టి యూరకుండుట యెంత సులభమో మన ఉపాధ్యాయుల కెఱుకయే. ఆ బిడ్డ యేమైనదని అడుగగల దక్షులలో మొదటివారు వారే.