వయసుకు తగ్గట్టు ఉండడం అంటే ఏమిటి?



పిల్లవాడు గల్లీలో తమ్ముడితో ఆడుతుంటే "ఇంత పెద్దోడివయ్యావ్, ఇంకా ఆటలేనా?" అంటాం. అదే రాత్రి ఇంటి ఖర్చుల గురించి ఏదో అడిగితే "చిన్నపిల్లాడివి, పెద్దల మాటల్లో నీకేం పని?" అంటాం. మరి వాడు ఏ వయసుకు తగ్గట్టు ఉండాలి?

ఈ లెక్క ఎప్పుడూ ఒకేలా లేదు. కట్టడాల పనికి తెలుగు నేల నుంచి వచ్చిన కామాఠీల పేరు మీదే కామాఠీపుర వెలిసింది. తర్వాత మనవాళ్ళు చాలామంది మిల్లుల్లో చేరారు. 1881 ఫ్యాక్టరీ చట్టం 7 ఏళ్ళు నిండని పిల్లల్ని మాత్రమే పనిలో పెట్టొద్దంది. 12 నిండితే పెద్దవాళ్ళ కిందే లెక్క. ఇప్పుడు 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదు. బడి అయ్యాక ఇంటివాళ్ళ పనిలో ప్రమాదం లేని సాయానికి మాత్రం వీలుంది. 14 నుంచి 18 దాకా ప్రమాదకరమైన పనులు కూడవు. పెళ్ళికి అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. మైనరు బండి నడిపి నేరం చేస్తే, 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు.

దీనికి కారణం ఉంది. ముందువెనుకలు ఆలోచించి తొందరను ఆపుకునే మెదడు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై అయిదేళ్ళ దాకా పడుతుంది. కోపం, సిగ్గు, సరదా మాత్రం ముందే పెరిగిపోతాయి. కాబట్టి 15 ఏళ్ళ పిల్ల తలుపు ధడేల్మని వేసిందంటే చెడిపోయిందని కాదు.

మన చాల్స్‌లో ఇంకో చిక్కు ఉంది. అమ్మకు మరాఠీ, హిందీ సరిగా రాకపోతే ఆసుపత్రికి, బ్యాంకుకు పిల్లనే తీసుకెళ్తాం. ఫారం నింపితే మంచిదే, తెలివి పెరుగుతుంది. కానీ డాక్టరు చెప్పిన చెడు కబురు తల్లికి తెలుగులో చెప్పాల్సింది 14 ఏళ్ళ బిడ్డ కాదు. ఆ రోజు పక్కింటి అక్కనో, చిన్నాన్ననో తోడు తీసుకెళ్ళండి. బడి మాన్పించకండి.

తల్లిదండ్రులు చేయగలిగింది ఇది: ఇంట్లో ఒక పని పూర్తిగా వాళ్ళకే అప్పగించండి, తప్పు చేసినా లాక్కోకండి. అప్పుల భారం మాత్రం వాళ్ళ నెత్తిన పెట్టకండి. రోజుకు 8 నుంచి 10 గంటలు నిద్రపోనివ్వండి. ఒకే గదిలో అందరూ ఉంటారు కాబట్టి టీవీ కాస్త ముందే ఆపాలి.

పిల్లలూ, మీకూ ఒక మాట. అమ్మానాన్నలు ఒప్పుకోని విషయం ఉంటే అరవకండి, అడగండి. తప్పు జరిగితే దాచకండి. చెప్పడానికి భయమైతే మీ టీచరుతో చెప్పండి. ఆడుకోవడానికి సిగ్గుపడకండి, అది కూడా మీ వయసుకు తగ్గదే.