అడవిసీమ మౌనము: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవములు

ఖమ్మము నుండి కొత్తగూడెము మీదుగా భద్రాచలము దాటి చింతూరు వైపు సాగు అడవిదారి వెంబడి గల గూడెములవారు ఫేస్‌బుక్కులోగాని ఎక్స్‌లోగాని ప్రభుత్వముతో మాట్లాడుట అరుదు గనుక, వారికి పాలనావ్యవహారములయందు ఆసక్తియే లేదనియు, నాలుగక్షరములు వచ్చి చేతికొక స్మార్ట్‌ఫోను అందిననాడు ఆ ఆసక్తి తనంతట తానే పుట్టుననియు పట్టణములలోని విద్యావంతులు కొందరు నిశ్చయముగా పలుకుచుందురు. ఆ నిశ్చయమునకు గల ఆధారము స్వల్పము. భద్రాచలమున సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కార్యాలయములో సోమవారము జరుగు గిరిజన దర్బారునకు, ఆ దినపు కూలి మానుకొని, ఆటోచార్జీ పెట్టుకొని, కాగితములను ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చుకొను కోయలను, కొండరెడ్లను చూచినవారెవ్వరును వీరికి సర్కారుతో మాట్లాడు ఇచ్ఛ లేదని అనజాలరు. ఇచ్ఛ కలదు, చేతికి రసీదు దొరకు చోటికి అది నడచిపోవుచున్నది. ఇక సిగ్నలు సంగతి. దేశమున 4జీ అందని 24,680 గ్రామములకు ఆ సౌకర్యము కలిగించుటకై 26,316 కోట్ల రూపాయల పథకమును కేంద్ర మంత్రివర్గము ఆమోదించినది 2022 జూలైలో; సిగ్నలే అందని ఊళ్ల మౌనమును అనాసక్తి యనుట న్యాయము కాదు.

అధికారుల ఖాతాలలో నిత్యము పోస్టులు వెలువడుచున్నవి గనుక ప్రజలతో సంభాషణ జరుగుచున్నట్లే యనునది రెండవ అపోహ. రిబ్బను కత్తిరించు ఫొటోకు జనులు బదులు పలుకరు. పలుకవలసిన పనియు లేదు. కాని వానకాలమున గోదావరి పొంగినప్పుడు ఈ సీమ యంతయు ఒకే ప్రశ్న నడుగును: "ఎన్ని అడుగులొచ్చింది?" భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులకు చేరగా మొదటి ప్రమాద హెచ్చరికయు, 48కి రెండవదియు, 53కి మూడవదియు వెలువడునని ఇచటి పిల్లలకు సైతము తెలియును. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చిన నది యిది. ఆ వేళ ప్రభుత్వమిచ్చు అంకెను జనులు ఫోనులో చూచి, ఇంకొకరికి పంపి, అనుమానమున్నచో కరకట్ట మీదికి పోయి కంటితో సరిచూచుకొందురు. అవసరమైన మాట, సరిచూచుకొనదగిన మాట వచ్చినప్పుడు చదువు తక్కువ యన్న అడ్డంకి ఏమైపోయినదో నగరపు విద్యావంతులే చెప్పవలెను.

అయినను మాట చేరినంతనే పని జరుగునని తలంపరాదు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మములోని ప్రకాశ్‌నగర్ వంతెనపై తొమ్మిదిమంది చిక్కుపడినప్పుడు వారి మొర ఫోనుల ద్వారా లోకమంతయు వినెను. వాతావరణము అనుకూలింపక హెలికాప్టరు రాలేదు. తుదకు వారిని ఒడ్డు చేర్చినది ప్రాణమునకు తెగించి జేసీబీ నడిపిన ఒక డ్రైవరు.

మొర ఎవరికి పెట్టవలెననుటయు ఇచట తేలిక ప్రశ్న కాదు. 2014లో పోలవరము ముంపు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినప్పుడు భద్రాచలము పట్టణము తెలంగాణమున నిలువగా, దాని నానుకొనియున్న ఎటపాక, పురుషోత్తపట్నము, గుండాల, కన్నాయిగూడెము, పిచ్చుకలపాడు ఆవలి రాష్ట్రమున కలిసెను. 2022లో అవి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరగా, కలెక్టరు కార్యాలయము అప్పట్లో ఎక్కడో పాడేరునకు పోయెను. సంతకును, ఆసుపత్రికిని భద్రాచలమే గతియైన ఎటపాక వాసి చెడిన రోడ్డు ఫొటో తీసి ఏ ప్రభుత్వమును ట్యాగ్ చేయవలెను? గోలకొండ చెరసాలలో రామదాసుగా పేరొందిన కంచెర్ల గోపన్నకు ఎన్ని కష్టములున్నను, విన్నపము ఎవరికి చేయవలెనను సందేహము మాత్రము లేకుండెను.

మంత్రులు నేరుగా జవాబిచ్చినచో ప్రజలు ముందుకు వత్తురనుట సగము నిజము. స్పెయిను దేశమున గ్రనడా సమీపములోని, సుమారు 3,500 జనసంఖ్య గల హూన్ అను ఊరిలో మేయరు 2011 నుండి పురపాలనమును ట్విట్టరు మీదుగా నడిపెను. పౌరులు కార్యాలయమునకు స్వయముగా పోయి తమ ఖాతాలను ధ్రువపరచుకొనిరి. వీధిదీపము చెడినదని ఒకరు వ్రాసినచో మేయరు ఆ మాటను ఎలక్ట్రీషియనుకు అందించెడివాడు. బాగుపడిన దీపము ఫొటో మరల అచటనే ప్రత్యక్షమయ్యెడిది. నిచ్చెన గలవాడే సంభాషణలో నుండుట అచటి కిటుకు. ఆ లెక్కను రాజధానిలోని పెద్ద ఖాతా కంటె పంచాయతీ కార్యదర్శి యున్న వాట్సాప్ గ్రూపే అడవిసీమకు మేలని నా తలంపు.

సర్కారును విమర్శించి పోస్టు పెట్టినచో జైలే గతి యను భయమును పూర్తిగా అపోహ యనుటకు నాకు నోరు రాదు. అభ్యంతరకరమైన పోస్టులకు శిక్ష విధించు ఐటీ చట్టము 66ఏ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసెను. కరోనా కాలమున ఆక్సిజను కొరకు, పడకల కొరకు మొరపెట్టువారిపై చర్యలు తగవని 2021 ఏప్రిల్ 30న హెచ్చరించెను. కాని చచ్చిన ఆ సెక్షను క్రింద పోలీసులు ఇంకను కేసులు పెట్టుచున్నారని తెలిసి అదే న్యాయస్థానము 2021 జూలైలో ఆశ్చర్యపడవలసి వచ్చినది.

అన్నిటికంటె హానికరమైన భ్రమ, పోస్టును అర్జీగా ఎంచుట. మంత్రిగారి ఖాతా క్రింద వ్రాసిన ప్రశ్న సమాచార హక్కు దరఖాస్తు కాదు. ముప్పది దినముల గడువు దానికి వర్తింపదు. పోడు భూమి విషయమున ఇది మరింత కఠినము. 2006 నాటి అటవీహక్కుల చట్టము ప్రకారము క్లెయిము గ్రామసభలో మొదలై, డివిజను కమిటీకిని, పిదప జిల్లా కమిటీకిని పోవలెను. గ్రామసభ తీర్మానము సమ్మతము కానివాడు అరువది దినములలో డివిజను కమిటీకి విన్నవించుకొనవలెను. ఆ లెక్క తీర్మానము జరిగిన నాటినుండియే మొదలగును. ఈలోగా ఫోనులో ఎన్ని లైకులు వచ్చినను, "పరిశీలిస్తాం" అని ఎవరు బదులిచ్చినను, అందొక్క దినమైనను పెరుగదు.