కార్డు గీకితే కోత ఎవరికి?
వర్తకుడికి తరుగుదల.. ఆదమరిస్తే వినియోగదారుడికి వడ్డీ మోత

పట్టణాల్లోని నగల అంగళ్లు మొదలు మండల కేంద్రాల్లోని సెల్‌ఫోన్‌ దుకాణాల వరకు కార్డు యంత్రం కనిపించడం నేడు మామూలైంది. అయితే బిల్లు చెల్లించే వేళ 'కార్డయితే రెండు శాతం అదనం' అన్న మాట కూడా అంతే మామూలుగా వినిపిస్తోంది. ఆ రెండు శాతం ఎక్కడిది, ఎవరు భరించాలి అన్న విషయమై అటు వర్తకుల్లోనూ ఇటు కొనుగోలుదారుల్లోనూ అవగాహన కొరవడుతోంది.

సొమ్ము నడిచే దారి
వినియోగదారుడు క్రెడిట్‌ కార్డుతో రూ.10 వేల చీర కొన్నాడనుకుందాం. ఆ మొత్తం యథాతథంగా దుకాణదారుడి ఖాతాకు చేరదు. యంత్రం సమకూర్చిన బ్యాంకు కొంత రుసుమును మినహాయించుకుంటుంది. దీనినే మర్చంట్‌ డిస్కౌంట్‌ రేటు, క్లుప్తంగా ఎండీఆర్‌ అంటారు. ఇది 2 శాతమైతే రూ.200, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.36 పోగా వర్తకుడికి దక్కేది రూ.9,764. కోత పెట్టిన రుసుములో అధిక భాగం కార్డు జారీ చేసిన బ్యాంకుకు వెళ్తుంది. మిగిలినది యంత్రం ఇచ్చిన బ్యాంకు, వీసా, మాస్టర్‌కార్డ్‌, రూపే వంటి నెట్‌వర్కు సంస్థలు పంచుకుంటాయి. కార్డుదారులకు లభించే రివార్డు పాయింట్లకు మూలం చాలావరకు ఈ రుసుమే.

వస్తువుపై మూడు, నాలుగు శాతం లాభంతో అమ్మే చిన్న వ్యాపారికి ఈ కోత భారమే. అందుకే కొందరు దానిని కొనుగోలుదారుపైకి నెట్టేస్తున్నారు.

డెబిట్‌కు పరిమితి.. క్రెడిట్‌కు లేదు
డెబిట్‌ కార్డులకు రిజర్వు బ్యాంకు ఎండీఆర్‌ గరిష్ఠ పరిమితులు విధించింది. 2018 జనవరి 1 నుంచి అమలైన నిబంధనల మేరకు, ఏడాదికి రూ.20 లక్షల వరకు టర్నోవరు ఉన్న వర్తకులకు కార్డు యంత్రంపై 0.40 శాతం, అంతకు మించిన వారికి 0.90 శాతం దాటరాదు. రూపే డెబిట్‌ కార్డులకు, యూపీఐ చెల్లింపులకు 2020 జనవరి నుంచి ఎండీఆర్‌ను పూర్తిగా ఎత్తివేశారు. క్రెడిట్‌ కార్డులకు మాత్రం ఇలాంటి పరిమితి లేదు. బ్యాంకుతో కుదిరే ఒప్పందాన్ని బట్టి రేటు ఉంటుంది. కనుక యంత్రం తీసుకునే ముందే వ్యాపారి రేటు, నెలవారీ అద్దె, సొమ్ము జమయ్యే గడువు రాతపూర్వకంగా తెలుసుకోవడం మేలు.

డెబిట్‌ కార్డుపై వినియోగదారుడి నుంచి అదనపు రుసుము వసూలు చేయడం సమర్థనీయం కాదని, అలా చేసే వర్తకులతో సంబంధం తెంచుకోవాలని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. క్రెడిట్‌ కార్డుల విషయంలోనూ బ్యాంకుల ఒప్పందాలు సాధారణంగా ఇందుకు అనుమతించవు. అదనం అడిగితే దానిని బిల్లులో చూపమని కోరి, ఆ బిల్లుతో కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు చేయవచ్చు.

'కనీస చెల్లింపు' ఉచ్చు
బిల్లు మొత్తాన్ని గడువులోగా కట్టేవారికి సుమారు 20 నుంచి 50 రోజుల వరకు వడ్డీ లేని అప్పు లభిస్తుంది. ఒక్క రూపాయి బకాయి పెట్టినా ఈ వెసులుబాటు పోతుంది. కొన్న తేదీ నుంచే వడ్డీ పడుతుంది.

ఉదాహరణకు ఏప్రిల్‌ 5న రూ.10 వేల వస్తువు కొన్న వ్యక్తికి 20న బిల్లు వచ్చింది. గడువు మే 10. ఆ రోజున కనీస మొత్తంగా రూ.500 మాత్రమే కట్టాడు. నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం వడ్డీ లెక్కన మే 20 నాటి బిల్లులో వడ్డీ సుమారు రూ.512, దానిపై జీఎస్టీ రూ.92 చేరుతాయి. కట్టింది రూ.500, పెరిగింది రూ.604. బాకీ తరగకపోగా రూ.10,104 అయింది. కనీస మొత్తం కడితే ఆలస్య రుసుము తప్పుతుందే తప్ప వడ్డీ తప్పదు.

కార్డు వడ్డీ 30 శాతం మించరాదంటూ జాతీయ వినియోగదారుల కమిషన్‌ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది. అందువల్ల జాగ్రత్త పడాల్సింది కార్డుదారుడే. ఏటీఎంలో క్రెడిట్‌ కార్డుతో నగదు తీస్తే గడువు ఉండదు. రుసుముతో పాటు తొలిరోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

పరిమితి దాటితే..
ఆదాయం, పాత అప్పుల తీరు, సిబిల్‌ స్కోరు చూసి బ్యాంకు పరిమితి నిర్ణయిస్తుంది. కార్డుదారుడి స్పష్టమైన సమ్మతి లేనిదే పరిమితికి మించిన వాడకాన్ని అనుమతించి రుసుము వేయరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. గడువు దాటి మూడు రోజులు మించిన తర్వాతే ఆలస్య రుసుము విధించాలని, అదీ మిగిలిన బకాయిపైనే లెక్కించాలని పేర్కొంది. బకాయి లేని కార్డును రద్దు చేయమని కోరితే ఏడు పనిదినాల్లో పూర్తి చేయాలి. లేదంటే రోజుకు రూ.500 చొప్పున కార్డుదారుడికి బ్యాంకే చెల్లించాలి.

బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులైనా పరిష్కారం లభించకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోన్‌ చేయవచ్చు.