అగ్గిమీద గుగ్గిలం సరే... ఆ పొద సంగతేమిటి?

ఇంట్లో ఎవరికైనా కోపమొస్తే అగ్గిమీద గుగ్గిలమయ్యారంటాం. శుక్రవారం పూట నిప్పుల మీద కాస్త గుగ్గిలం చల్లి ఇల్లంతా పొగ వేస్తాం. కీళ్ళనొప్పులకి యోగరాజ గుగ్గులు మాత్రలు మింగే అత్తగార్లు బోలెడుమంది. ఇంతగా వాడతాం కదా, అదెక్కణ్ణించి వస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా?

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. పచారీకొట్లో గుగ్గిలం అని పొట్లం కట్టి ఇచ్చేది చాలాసార్లు సాలవృక్షం బంక. మాత్రల్లో పడేది వేరు. దాన్ని మహిషాక్షి గుగ్గిలం అంటారు. ముదురు గోధుమరంగులో, కాస్త జిగటగా ఉంటుంది. రాజస్థాన్‌లో జైసల్మేర్, బార్మేర్ ఎడారి నేలల్లో, గుజరాత్‌లో కచ్ ప్రాంతంలో, సరిహద్దు దాటితే సింధులో పెరిగే ఓ ముళ్ళపొద నుంచి వస్తుందది. ఏడాదిలో చాలా నెలలు ఆ పొదకి ఆకులే ఉండవు. బెరడు పల్చటి కాగితంలా పొరలుపొరలుగా ఊడుతుంది. తెలియనివాళ్ళు చూస్తే ఎండిపోయిందనుకుని పొయ్యిలోకి విరుచుకుపోతారేమో!

ఆ పొదకే ఇప్పుడు ప్రాణం మీదికొచ్చింది. ప్రపంచంలో అంతరించిపోతున్న ప్రాణుల లెక్క తీసే ఐయూసీఎన్ వారి ఎర్ర జాబితాలో 2015 నుంచి ఇది 'అత్యంత ప్రమాదంలో' ఉన్న మొక్క. ఆ తర్వాతి మెట్టంటే ఇక అడవిలో లేకుండా పోవడమే.

ఎందుకిలా అయిందంటారా? బంక కోసం కొమ్మకి గాటు పెడతారు. పైపైన, సన్నగా పెడితే పొద తట్టుకుంటుంది. కానీ ఒక్కసారే ఎక్కువ రావాలని లోతుగా కోసి, గాటు చుట్టూ ఏవేవో మందులు పూస్తారు. బంక ధారగా కారుతుంది, నిజమే. ఆ తర్వాత పొద నిలువునా ఎండిపోతుంది. కొత్త మొక్క గాటుకి తట్టుకునే వయసు రావడానికి ఎనిమిది, పదేళ్ళు కావాలి. గింజలు సరిగ్గా మొలవవు. పైగా పశువుల మేత, వంటచెరకు, పొలాల కోసం నేల చదును చెయ్యడం... అలాగని ఆ ఎడారిలో పూట గడవక గాటు పెట్టే మనిషినే తిట్టిపోయడానికి నాకు మనసొప్పదు. ఎక్కువ తెచ్చినవాడికే కదా నాలుగు డబ్బులు!

గిరాకీ పెరగడానికీ ఓ కథ ఉంది. 1966లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి అనే పరిశోధకురాలు గుగ్గులు రక్తంలో కొవ్వుని తగ్గిస్తుందని కుందేళ్ళ మీద ప్రయోగాలతో చూపారు. తర్వాత లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ దాన్నుంచి మందు తయారుచేసింది. 2003లో అమెరికాలో చేసిన ఓ పరీక్షలో మాత్రం చెడ్డ కొలెస్టరాల్ తగ్గలేదని తేలింది. కాబట్టి పక్కింటావిడ చెప్పిందని గుగ్గులు మాత్రలు కొనకండి. కడుపుతో ఉన్నవాళ్ళు, థైరాయిడ్ మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా అసలు ముట్టుకోవద్దు.

ఇక పొగ సంగతి. దానికి మహిషాక్షే కానక్కర్లేదు, సాలబంక చాలు. పసిపిల్లలున్న గదిలో ఏ పొగా వద్దు, అమ్మమ్మగారు ఏమన్నా సరే.

గింజ మొండికేసినా ఈ పొద కొమ్మ నాటితే బతుకుతుంది. అలా కొమ్మలు నాటి తోటలు పెంచే పని రాజస్థాన్, గుజరాత్‌లలో జరుగుతోంది. ఈ వానాకాలం నాటిన కొమ్మకి గాటు పెట్టే వయసొచ్చేసరికి, ఇవాళ మీ ఒళ్ళో ఉన్న పాపాయి నాలుగో తరగతిలో ఉంటుంది.